మారేడుమిల్లి బొంగు చికెన్: మసాలా కాదు, బొంగు చూడండి

కొండరెడ్లు, కోయలు అనే గిరిజనులు ఉండే ఆంధ్రప్రదేశ్‌లోని మారేడుమిల్లి ఏజెన్సీలో రోడ్డు పక్కన వెదురు బొంగులో కోడి ముక్కలు పెట్టి కాల్చి ఇచ్చే ఈ వంటకానికి మంచి మార్కులే వేయాలి. గుట్టంతా బొంగులోనే ఉంది. ఒకవైపు కణుపు మూసి ఉన్న పచ్చి బొంగయితే దాని తడే ముక్కను ఉడికిస్తుంది, నూనె చుక్క అక్కర్లేదు. ఎండు బొంగయితే ముందు అదే అంటుకుంటుంది.

ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించిన ముక్కల్ని వదులుగా నింపి, మూతిలో ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ అరగంటకు పైగా కాల్చాలి. ముక్కల్ని గట్టిగా కూరితే మధ్యలో పచ్చిగా ఉండిపోతాయి. మంట ఎగదోస్తే పైన మాడు, ఎముక దగ్గర ఎరుపు. సెలవు రోజుల రద్దీలో జరిగేది ఇదే. ఆకు తీయగానే ఆవిరి గుప్పున రావాలి, అడుగున కాస్త రసం ఉండాలి. కాల్చి పక్కన పెట్టిన బొంగు మాత్రం వద్దు, ముక్క పీచులా సాగుతుంది.