చెయ్యి పడని ప్లిమత్‌ను వెతికిపెట్టిన ఆటోనగర్ బ్రోకరు: సేవపై సమీక్ష

విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్లు ఇప్పించే ఒక బ్రోకరు ద్వారా గత ఏడాది నేను 1947 నాటి అమెరికన్ కారు, ప్లిమత్ సెడాన్ కొన్నాను. ఆయన పేరు, షెడ్డు పేరు రాయడం లేదు. ఆయన వల్ల జరిగిన మేలు ఎంత ఉందో, నెత్తికెత్తుకున్న తలనొప్పి కూడా ఇంచుమించు అంతే ఉంది. నేను మొదటి రోజే ఆయనకు స్పష్టంగా చెప్పాను: రంగులు వేసి, సీట్లు మార్చి, పెళ్లి ఊరేగింపుకు సిద్ధం చేసిన బండి నాకు వద్దు, తుప్పు పట్టినా సరే, ఫ్యాక్టరీలో వేసిన రంగు, అక్కడ బిగించిన ఇంజిను, అక్కడ కుట్టిన సీటు గుడ్డ ఉన్న బండి కావాలి. ఆయన తల ఊపాడు. ఆ మాట ఆయన చెవికెక్కలేదని తర్వాత గాని తెలియలేదు.

మన దేశంలో అమెరికన్ కారు దొరకడం వింతేమీ కాదు. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలోనే కార్లు బిగించింది. వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో అమెరికా కంపెనీ క్రైస్లర్‌తో ఒప్పందం మీద బొంబాయి కుర్లాలో ఆ కంపెనీ డాడ్జ్, ప్లిమత్ బండ్లను తయారుచేసింది. అయితే పెట్రోలు ఖర్చు భరించలేక, విడిభాగాలు అందక చాలామంది యజమానులు అసలు ఇంజినును తీయించి డీజిల్ ఇంజిను పెట్టించుకున్నారు కనుక, బండి దొరకడం కన్నా అది తన సొంత ఇంజినుతో దొరకడం కష్టం. బ్రోకరు నాలుగు నెలల్లో మూడు బండ్లు చూపించాడు. మొదటిది షెవర్లే, "అంతా ఒరిజినలే సార్" అన్నాడు గానీ బానెట్టు ఎత్తితే లోపల డీజిల్ ఇంజిను ఉంది. రెండోది డాడ్జ్, దానికి కాగితాలు లేవు. మూడోదే ఈ ప్లిమత్.

అది తెనాలి దగ్గర మూతపడిన రైసు మిల్లు గోదాములో, ఊక బస్తాల వెనక, ఇటుక దిమ్మెల మీద నిలబడి ఉంది. బానెట్టు ముందు ప్లిమత్ గుర్తయిన తెరచాప ఓడ బొమ్మ ఉంది, తెరచాప అంచు కొంచెం విరిగింది. బ్రోకరు మనిషి తడిగుడ్డతో తుడవబోతే వద్దన్నాను; ఇటువంటి బండిని దుమ్ముతోనే చూడాలి, తడి మెరుపు లోపాలను కప్పేస్తుంది. మెత్తటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని మడ్‌గార్డుల మీద, తలుపుల అడుగు అంచుల మీద జరుపుకుంటూ పోయాను. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ నింపిన చోట జారిపోతుంది. వెనక ఎడమ మడ్‌గార్డు మీద అరచెయ్యంత మేర జారింది, తక్కినదంతా పట్టింది. డ్రైవరు కాళ్ల కింద రబ్బరు మ్యాటు ఎత్తితే మాత్రం రేకు తుప్పుతిని, ఆ కంతలోంచి నేల మీది ఊక కనిపించింది. నాకు అది లోపంగా తోచలేదు. ఎవరూ అతుకు వెయ్యలేదనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఈ మోడల్ 1946 నుంచి 1949 ఆరంభం వరకు పెద్ద మార్పు లేకుండానే వచ్చింది కనుక రూపం చూసి సంవత్సరం చెప్పడం కుదరదు. అందుచేత ఇంజిను దిమ్మె ఎడమ పక్కన పీ15 అనే అక్షరాలతో మొదలయ్యేలా గుద్దిన నంబరు, ఆర్‌సీ బుక్కులోని నంబరు ఒక్కటేనా అన్నదే అసలు పరీక్ష. రెండూ ఒక్కటే అయ్యాయి. ప్లగ్గులు తీసి, బిగుసుకుపోయిన ఆరు సిలిండర్లలోనూ డీజిలు, ఇంజిన్ ఆయిలు కలిపి పోసి వదిలేస్తే, మూడో రోజు ముందు పుల్లీని రెంచితో తిప్పగా ఇంజిను బరువుగా మూలిగి కదిలింది. 9 లక్షలు అడిగిన బండి 7 లక్షల 25 వేలకు తెగింది. బ్రోకరు కమీషను 3 శాతం.

కాగితాల విషయంలో ఈ మనిషిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఆర్‌సీ ఎప్పుడో చనిపోయిన మిల్లు యజమాని పేరు మీదే ఉంది. ముందుగా తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెప్పించి, తక్కిన వారసుల చేత అభ్యంతరం లేదని రాయించి, ఫారం 31తో పెద్ద కొడుకు పేరు మీదికి మార్పించి, ఆ తర్వాతే అమ్మకానికి సంబంధించిన ఫారం 29, 30 మీద మా ఇద్దరి చేత సంతకాలు పెట్టించాడు. తొందరపడి వెనకటి తేదీతో అమ్మకం పత్రం రాయించుకుందామని నేనే అడిగితే కోప్పడ్డాడు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల సంగతి కూడా ఆయనే విడమరిచి చెప్పాడు: 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిను మారని బండికి వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు, రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు, ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో, అటువంటి పనికో తప్ప రోజువారీగా రోడ్డెక్కించకూడదు.

ఇంత తెలిసిన మనిషి, బయానా ఇచ్చిన వారానికి నేను ఆటోనగర్ వెళ్లేసరికి, బండిని గోదాము నుంచి తన షెడ్డుకు తెప్పించి, ఇంజినంతటికీ నల్లరంగు కొట్టించి నిలబెట్టాడు! "మీరు సంతోషిస్తారని ఫ్రీగా చేయించాను సార్" అన్నాడు. నంబరు గుద్దిన చోట కూడా రంగు దళసరిగా పేరుకుపోయింది. రిజిస్ట్రేషన్ తనిఖీకి ఇంజిను నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయాలి. రుద్దితే కాగితం మీద బూడిదరంగు మరక తప్ప అంకె రాలేదు. థిన్నరులో ముంచిన గుడ్డతో, గోకకుండా, ఒక పూటంతా తుడిస్తే మొదట పీ, తర్వాత 1 తేలాయి. గోకితే అంకెలు తారుమారు చేశామన్న అనుమానం వస్తుందని భయం. రంగుకు డబ్బు తీసుకోలేదు నిజమే గానీ, డెబ్బై ఏళ్లకు పైగా నిలిచిన ఫ్యాక్టరీ రంగును ఉచితంగా పోగొట్టాడు.

అదే షెడ్డులో కుర్రాళ్లు ఎడమ ముందు చక్రం ఊడదీయడానికి స్పానరుకు పొడవాటి పైపు తొడిగి ఇద్దరు కలిసి తొక్కి ఒక బోల్టు విరగ్గొట్టారు. పక్క షెడ్డులోని ముసలి మేస్త్రీ వచ్చి చూసి, "అయ్యగారూ, ఈ బళ్లకి ఎడమపక్క మర తిరగేసి ఉంటది, బిగించే వైపు తిప్పితేనే ఊడుద్ది" అని, కిరసనాయిలు పోసి, కాసేపు ఆగి, చేత్తోనే తక్కిన నాలుగూ తీశాడు. క్రైస్లర్ కంపెనీ బండ్లలో ఆ పద్ధతి ఉందని పుస్తకాల్లో చదివిన నేను ఆ సమయానికి టీ తాగడానికి వెళ్లాను! బ్యాటరీ విషయంలోనూ ఆ మేస్త్రీయే కాపాడాడు. ఈ బండిది 6 వోల్టులు, పైగా పాజిటివ్ వైపే బాడీకి కలిపి ఉంటుంది. కుర్రాళ్లు అప్పటికే 12 వోల్టుల లారీ బ్యాటరీ మోసుకొస్తున్నారు.

వెతకడంలో, కాగితాల్లో ఆయనకు పదికి తొమ్మిది మార్కులు ఇస్తాను. బండిని అప్పగించే తీరుకు మూడు కూడా ఎక్కువే. మరో బండి కావాలన్నా ఆయన దగ్గరికే వెళ్తాను. అయితే ఈసారి బయానాతో పాటు గోదాముకు నా తాళం వేసి, తాళంచెవులు జేబులో పెట్టుకుని వస్తాను.