బరంపురం నుంచి దేవమాలి దాకా: పెట్రోలు ఎక్కడ ఖర్చయింది

కొండ దారుల్లో చిన్న పెట్రోలు బండి తెగ తాగేస్తుందని, అటు వెళ్ళాలంటే డీజిలే ఉండాలని బరంపురంలో ఎవరినడిగినా చెబుతారు. మొన్న చలికాలంలో మా చిన్న పెట్రోలు కారు ఎక్స్‌టర్ తీసుకుని గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాలు తిరిగి, సాలూరు ఘాట్ దిగి, విజయనగరం మీదుగా ఇంటికొచ్చాం. తొమ్మిది వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. దారి పొడుగునా ట్యాంకు నింపుతూ లెక్క రాసుకున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: ఘాట్లు తాగింది తక్కువే. ఎక్కువ తాగింది నాలుగు వరుసల హైవే, దాని తర్వాత ఇంజను ఆపకుండా కూర్చుని ఎదురుచూసిన సమయం.

బండి సంగతి ముందు చెప్పేస్తాను. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను, మాన్యువల్ గేరు, 37 లీటర్ల ట్యాంకు. కాగితం మీది మైలేజీ లీటరుకు 19.4 కిలోమీటర్లు. ఆ అంకె రోడ్డు మీద వచ్చింది కాదు. బండిని రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ ఆపి, 1,180 సెకన్ల పాటు ఒక పద్ధతి ప్రకారం నడిపితే వచ్చేది. ఆ పరీక్షలో వేగం 90 దాటదు, సగటు 32 కిలోమీటర్లకు అటూ ఇటూ. అందులో ఎక్కుడు లేదు, ఎదురుగాలి లేదు, వెనక సీట్లో అత్తయ్యగారు, ఆవిడ తెచ్చిన పచ్చడి జాడీలు అసలే లేవు. కాబట్టి దాన్ని ఒక బండికీ ఇంకో బండికీ పోలిక చూసుకోవడానికి వాడుకోవాలి తప్ప, మన ఖర్చు లెక్కకు పనికిరాదు.

మీటరు డిస్‌ప్లేలో కనిపించే సగటునూ నేను నమ్మను. మా బండిలో అది ఎప్పుడూ ఒక కిలోమీటరు ఎక్కువే చూపిస్తుంది. ట్యాంకు నుంచి ట్యాంకుకు కొలవడమే సరైన పద్ధతి. నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగగానే ఆపించాలి. అక్కడే వస్తుంది తంటా. బంకు కుర్రాడి చెయ్యి ఊరుకోదు. 1,140 రూపాయల దగ్గర ఆగితే 1,200 చేద్దామని మళ్ళీ నొక్కుతాడు. పర్లాకిమిడి దగ్గర ఒక బంకులో "వద్దు బాబూ, అలాగే వదిలెయ్" అంటే, నేనేదో డబ్బుకి చూసుకుంటున్నాననుకుని వాడు జాలిగా మొహం పెట్టాడు. అలా నొక్కి నొక్కి పోస్తే అర లీటరు, ముప్పావు లీటరు తేడా వస్తుంది. వంద కిలోమీటర్ల లెక్కలో ఆ తేడా పెద్దదే. అందుకే కింద చెప్పే అంకెల్ని అరకు సరిచేసి రాశాను, ఇంకా సన్నగా చెప్పడం నిజాయితీ కాదు.

మొదటి మజిలీ తప్తపాణి. బరంపురం నుంచి యాభై కిలోమీటర్లు. అడవిలో వేడినీటి బుగ్గ, పక్కనే ఒడిశా టూరిజం వాళ్ళ పాంథనివాస్. గదులు పాతవే గాని చెట్ల మధ్య ఉండడంతో పిల్లాపాపలతో ఒక పూట గడపడానికి బాగుంటుంది. ఒక రాత్రి అక్కడే ఉండాలా అంటే, బరంపురం వాళ్ళకి అక్కర్లేదు, దూరం నుంచి వచ్చేవాళ్ళు ఉండొచ్చు. మేం టీ తాగి కదిలాం.

చంద్రగిరి మాత్రం తీరిగ్గా చూడాల్సిన చోటు. 1963లో స్థిరపడ్డ టిబెట్ శరణార్థుల ఊళ్ళు, మొక్కజొన్న చేలు, వాటి మధ్య జిరంగ్‌లో పద్మసంభవ మహావిహారం. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. లోపల బుద్ధుడి విగ్రహం ముందు నిలబడితే బయట ఉన్నది గజపతి జిల్లా అన్న సంగతే మర్చిపోతాం. చిన్న హోటళ్ళలో మోమోలు, తుక్పా దొరుకుతాయి. అత్తయ్యగారు తుక్పా చూసి "ఇది సేమ్యా చారు కదయ్యా" అని గిన్నె ఖాళీ చేశారు. పార్కింగుకు చోటు ధారాళంగా ఉంది, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి. ఈ రెండూ ఈ దారిలో ఇంకెక్కడా ఒకేచోట దొరకలేదు.

అక్కణ్ణించి పర్లాకిమిడి దాకా ఎక్కుడు దిగుళ్ళే. వంపులు ఎక్కువ, ఊళ్ళల్లో స్పీడు బ్రేకర్లు ఇంకా ఎక్కువ. బరంపురం నుంచి పర్లాకిమిడి వరకూ కలిపి 15.5 వచ్చింది. ఎక్కుడు వల్ల అనుకుంటాం గానీ, అసలు నష్టం బ్రేకులతో. స్పీడు బ్రేకరు దగ్గర ఆపిన ప్రతిసారీ అప్పటిదాకా పెట్రోలు పోసి తెచ్చుకున్న వేగం బ్రేకు డిస్కుల్లో వేడై పోతుంది, మళ్ళీ మొదటి నుంచీ పోసుకోవాలి.

పర్లాకిమిడిలో దిగగానే చెవులకు హాయి. బజారులో సగం మాటలు తెలుగే, అదీ శ్రీకాకుళం యాసలో. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిందీ, సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసిందీ ఈ ఊళ్ళోనే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఊరు అటు కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. గజపతుల కోట బయట నుంచి చూశాం. కొమ్ముతో చేసే కొంగలు, రొయ్యలు కొన్నాం. బస మాత్రం మామూలు లాడ్జీ: దుప్పట్లు శుభ్రం, వేడినీళ్ళు బకెట్‌తో పొద్దున ఏడింటి వరకే. ఇచ్చిన డబ్బుకి న్యాయమే.

ఇక పర్లాకిమిడి నుంచి కాశీనగర్, గుణుపురం మీదుగా రాయగడ. ఈ దారి గురించి ఎవరూ గొప్పగా చెప్పరు, చూడ్డానికి బోర్డులు పెట్టిన చోట్లేమీ లేవు. కానీ మొత్తం ప్రయాణంలో బండికి బాగా నచ్చిన దారి ఇదే. వంశధార పక్కన పొలాలు, అక్కడక్కడ నౌపడా–గుణుపురం రైలు పట్టాలు (1900లో మొదలైన చిన్న రైలు దారి, ఇప్పుడు బ్రాడ్‌గేజి), రెండు వరుసల రోడ్డు. వేగం యాభై, అరవై మధ్య. పైగేర్లో ఇంజను ఊపిరి తీసుకున్నట్టు కూడా వినపడదు. రాయగడలో నింపితే 20.5 వచ్చింది, అదీ ఏసీ వేసుకుని. కాగితం మీది అంకెను దాటేసింది.

రాయగడలో మజ్జిగౌరమ్మ దర్శనానికి ఆదివారం వెళ్ళకండి. పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి వచ్చే జనంతో గుడి దారి నిండిపోతుంది. మేం మామూలు రోజు పొద్దున్నే వెళ్ళాం, హాయిగా అయింది. బస గురించి చెప్పాలంటే, స్టేషను దగ్గర ఒక లాడ్జీ బుక్ చేసుకుంటే ఫోటోలో ఉన్న గది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి. లిఫ్టు పనిచేయదు, మూడో అంతస్తు. అత్తయ్యగారి మోకాళ్ళ గురించి చెబితే రిసెప్షన్లో కుర్రాడు "మెల్లగా ఎక్కండి మేడమ్" అన్నాడు. భోజనం మాత్రం పక్క మెస్‌లో తిన్నాం. ముద్దపప్పు, వంకాయ కూర, గడ్డపెరుగు, అడిగి అడిగి వడ్డించారు. రాయగడలో పడుకోవడం తప్పనిసరి కాకపోతే తిని కదిలిపోవడమే మేలు.

రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్, 110 కిలోమీటర్లు. రాయగడ సముద్రమట్టానికి రెండు వందల మీటర్ల ఎత్తు, కొరాపుట్ తొమ్మిది వందలకు దగ్గర. ఇక్కడే అందరికీ టెన్షన్. లెక్క వేసి చూద్దాం. నలుగురం, సామాను, బండి కలిపి సుమారు 1,300 కిలోలు. అంత బరువును ఆరేడు వందల మీటర్లు ఎత్తడానికి అదనంగా పట్టే పెట్రోలు, ఇంజను వేడి రూపంలో పారేసేది కూడా కలుపుకుని, దాదాపు ఒక లీటరు. అంతే! వంద రూపాయల పైచిలుకు. మా లెక్కలోనూ అదే తేలింది, 16.5 వచ్చింది. బరువు లారీల వెనక రెండో గేరులో ఈడ్చుకుంటూ పోవడం చిరాకే గానీ జేబుకి పెద్ద చిల్లేమీ కాదు. ఓవర్‌టేక్ చేయాలంటే మాత్రం ఈ ఇంజనుకి గేరు దించి గట్టిగా అరిపించాలి, టర్బో డీజిలు లాగినట్టు లాగదు. డీజిలు కావాలనేవాళ్ళ మాటలో నిజం అక్కడ ఉంది, మైలేజీలో కాదు.

కొరాపుట్‌లో మేం దిగిన హోంస్టే ఈ యాత్ర మొత్తంలో మంచి బస. పొద్దున్నే ఇంటావిడ రాగి అంబలి, బంగాళాదుంప వేపుడు పెట్టింది. ఇక్కడి తోటల కాఫీ తాగాల్సిందే, అరకు కాఫీకి ఏమీ తీసిపోదు. కార్లు ఇంటి ఆవరణలోనే. శబర శ్రీక్షేత్రంలో జగన్నాథుణ్ణి, పక్కన గిరిజన మ్యూజియాన్ని ఒక పూటలో చూసేయొచ్చు.

దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో ఎత్తైన శిఖరం. సెమిలిగుడ, కుందులి మీదుగా వెళ్ళాలి. కుందులి సంత రోజైతే అల్లం, కూరగాయల లారీల మధ్య అరగంట పోతుంది. శిఖరం దగ్గర్లో దారి నిట్టనిలువు, మలుపులు ముక్కోణాలు, ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. మొదటి గేరు, రెండో గేరు తప్ప ఇంకేదీ పనిచేయదు. ఆ పది కిలోమీటర్లలో డిస్‌ప్లే ఏడు, ఎనిమిది మధ్యే ఆడింది. అయినా సూర్యోదయానికి వచ్చిన జనం పైన చేసిన పని చూస్తే అది నయమనిపించింది: చలికి అద్దాలు ఎత్తుకుని, హీటరు కోసం ఇంజన్లు ఆన్‌లో పెట్టి కూర్చున్నారు. నిలబడి ఉన్న ఇంజను గంటకు అర లీటరుకు పైనే తాగుతుంది. మేమూ మలుపుల దగ్గర జామ్‌లో చాలాసేపే ఇరుక్కున్నాం. ఆ రోజు రానూపోనూ 12.5. ట్యాంకు సగం పైన ఉంచుకునే వెళ్ళండి, సెమిలిగుడ తర్వాత బంకు కోసం వెతుక్కోవడం అనవసరం. పైన చూసేది మేఘాలే అయినా, వాటి కోసం ఎక్కొచ్చు.

తిరుగు దారి కొరాపుట్ నుంచి సుంకి, సాలూరు ఘాట్. మా బావమరిది ఘాట్ మొదలవగానే పక్క సీట్లోంచి ఒకటే పోరు: "న్యూట్రల్‌లో వదిలెయ్ బావా, పెట్రోలు ఫ్రీ." ఇది చాలామంది నమ్మే మాటే. నిజం దానికి రివర్సు. గేరులో ఉండగా యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తే, చక్రాలే ఇంజనును తిప్పుతాయి, ఇంజెక్టర్లు పెట్రోలు పోయడం మానేస్తాయి. న్యూట్రల్‌లో వేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు పోయక తప్పదు. పైగా బరువంతా బ్రేకుల మీదే పడి అవి కాలిపోతాయి. మూడో గేరులో దిగుతూ అప్పటికప్పటి మైలేజీ గీత చూపించాను, అది కుడి చివరకు పోయి అక్కడే అతుక్కుంది. న్యూట్రల్ చేస్తే ఎలా ఉంటుందో చూద్దామన్నాడు. ఘాట్ మీద చూపించనన్నాను. కింద సాలూరు దాటాక బల్లపరుపు రోడ్డు మీద చూసుకోమన్నాను. విజయనగరంలో నింపితే 22.5. రాయగడ దగ్గర పైకెక్కడానికి పోసిన లీటరులో కొంత ఇక్కడ తిరిగొచ్చిందన్నమాట.

విజయనగరం నుంచి బరంపురం దాకా స్టీరింగు బావమరిదిది. శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం, అంతా వంద, వంద దాటి. ఇలాంటి నిలువెత్తు డబ్బా ఆకారం బండికి వంద మీద గాలే శత్రువు. ఎనభై మీద ఉండే గాలి అడ్డుతో పోలిస్తే వంద మీద ఒకటిన్నర రెట్లు పైన ఉంటుంది. ఎనభైలో ఇదే రోడ్డు మీద నాకు ఇరవైకి పైగా ఇచ్చిన బండి ఆ రోజు 15.5 ఇచ్చింది. సరిహద్దు దాటి గిరిసోల దగ్గర నింపితే 14 లీటర్లు దాటింది. దేవమాలి ఎక్కి దిగడానికి పట్టింది పది లోపే! ఆదా అయింది దాదాపు అరగంట, అందులో సగం టోల్‌గేట్ల దగ్గర, సోంపేట మలుపులో టీ దగ్గర మళ్ళీ పోయింది. పెట్రోలు ఇక్కడే పోయించుకోవాలని ఇచ్ఛాపురం నుంచి ఆగకుండా వచ్చాం. ఆంధ్రాలో లీటరుకు కొన్ని రూపాయలు ఎక్కువ, అది సరిహద్దు ఊళ్ళ వాళ్ళందరికీ తెలిసిందే.

అంతా కలిపితే 16.5. డిస్‌ప్లే 17.6 అంది. పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, ఇథనాల్లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. కాబట్టి పాత పెట్రోలు రోజుల అంకెలతో పోల్చి దిగులు పడనక్కర్లేదు.

ఇదే చుట్టు సాలూరు వైపు నుంచి మొదలుపెడితే పెట్రోలు లెక్క పెద్దగా మారదు, అక్కడ ఎక్కింది రాయగడ వైపు దిగుతారు. మారేది బసలే. అప్పుడు మొదటి రాత్రి కొరాపుట్‌లో మంచి చోట పడుతుంది, రాయగడలో భోజనానికి ఆగి పర్లాకిమిడికి చేరిపోవచ్చు. చలికాలంలో సాలూరు ఘాట్ మీద మంచు దట్టంగా ఉంటుంది, తెల్లారి ఎనిమిది దాటాకే ఎక్కండి. లారీల వెనక రెడ్ లైట్లు లేనివి చాలానే ఉంటాయి.