ఉప్పు చల్లి చేసిన కార్డులు: వానాకాలాలు దాటాక ఎలా ఉన్నాయి?

తడి ఇంకు మీద ఉప్పు చల్లి గ్రీటింగ్ కార్డుకి బ్యాక్‌గ్రౌండ్ చేసే పద్ధతి గురించి వీడియోల్లో చూపించేదంతా మొదటి గంట సంగతే. ఇంకు పూస్తారు, ఉప్పు చల్లుతారు, ఆరాక దులుపుతారు, ఆహా అంటారు, అయిపోతుంది. ఆ కార్డు రెండేళ్ల తర్వాత ఏమైందో ఎవరూ చూపించరు. నేనుండేది విశాఖలో. చాలా ఏళ్లుగా న్యూ ఇయర్‌కీ, సంక్రాంతికీ, పుట్టినరోజులకీ ఇవే చేసి ఇస్తున్నాను. కొన్ని చుట్టాల ఇళ్లకు వెళ్లాయి, కొన్ని అట్టపెట్టెలో ఉన్నాయి, కొన్ని మా హాల్లో గోడ మీదే ఉన్నాయి. మొన్న పెట్టె దింపి అన్నీ ముందేసుకుని చూశాక ఇది రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, ఈ పద్ధతి నేను మానను. కానీ దీని మంచిచెడ్డలు ఇంకు సీసా మీద కంటే మీ ఊరి గాలి మీద ఎక్కువ ఆధారపడి ఉంటాయి. అనంతపురంలో కూర్చుని చేసేవాళ్లకి నేను చెప్పే సగం కష్టాలు ఉండకపోవచ్చు.

తెలియనివాళ్ల కోసం పద్ధతి రెండు మాటల్లో. మందపాటి కాగితం మీద నీళ్లు కలిపిన ఇంకు పూసి, అది ఆరేలోపు ఉప్పు చల్లాలి. ప్రతి గల్లూ తన చుట్టూ ఉన్న నీటిని లాక్కుంటుంది. నీటితో పాటు రంగూ కదులుతుంది. ఆరాక ఉప్పు దులిపేస్తే ఆ చోట రంగు వెలిసి, చుట్టూ సన్నటి గీతలు మిగులుతాయి. బాగా కుదిరితే సన్నజాజి మొగ్గలు ఒక్కసారి విచ్చుకున్నట్టు ఉంటుంది. కుదరకపోతే ఎవరో ఇసక పోసి తుడిచినట్టు ఉంటుంది.

కుదరడం, కుదరకపోవడం అంతా ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఇంకు పూయగానే కాగితం అద్దంలా మెరుస్తుంది. అప్పుడే చల్లితే ఉప్పు కరిగిపోయి, మచ్చలు తప్ప ఏమీ రావు. పూర్తిగా ఇంకిపోయాక చల్లితే ఉప్పు అలాగే కూర్చుంటుంది, కింద ఏమీ జరగదు. మెరుపు తగ్గి, తడి మాత్రం మిగిలినప్పుడు చల్లాలి. అది పైనుంచి చూస్తే తెలియదు. కాగితాన్ని కంటి ఎత్తుకు లేపి, కిటికీ వైపు కాస్త వంచి పక్కనుంచి చూడండి. మెరుపు అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వస్తుంది. మధ్యలో కొంచెం మెరుపు ఉండగానే అంచుల్లో చల్లడం మొదలుపెట్టి, లోపలికి రావాలి. బొటనవేలు, రెండు వేళ్లతో చిటికెడు తీసుకుని అడుగు ఎత్తు నుంచి వదిలితే చాలు. గల్లుకీ గల్లుకీ మధ్య చోటు ఉండాలి. కూరలో వేసినట్టు వేస్తే ఒకదాని పువ్వు ఇంకొకటి తినేస్తుంది.

ఇంకో సంగతి, ఫ్యాన్ ఆపండి. మన ఎండాకాలంలో ఫ్యాన్ కింద ఆ మెరుపు క్షణాల్లో పోతుంది. నాకైతే మే నెలలో చేసిన వాటిలో బాగున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హెయిర్ డ్రయర్ కూడా వద్దు. ఉప్పు ఎగిరిపోవడం ఒకటి, పువ్వు విచ్చుకునేలోపే కాగితం ఆరిపోవడం ఇంకొకటి. డిసెంబరు, జనవరి నెలలు దీనికి సరైన కాలం. గాలి పొడిగా ఉంటుంది, ఎండ మెత్తగా ఉంటుంది, గ్రీటింగ్ కార్డులు ఇచ్చుకునే రోజులూ అవే.

ఉప్పుల విషయానికొస్తే, ప్యాకెట్లో వచ్చే మెత్తటి అయొడైజ్డ్ ఉప్పే నేను ఎక్కువగా వాడేది. సన్నటి చుక్కలు దగ్గర దగ్గరగా వస్తాయి, రాత్రి ఆకాశానికీ పొగమంచుకీ బాగుంటుంది. గడ్డ కట్టకుండా అందులో వేరే పదార్థం కలుపుతారు, దాని వల్ల నాకు ఇబ్బందేమీ కనపడలేదు. కళ్లుప్పు, అంటే నౌపడ, చినగంజాం మడుల్లో సముద్రపు నీటిని ఎండబెట్టి తీసేది, పెద్ద పెద్ద పువ్వులు ఇస్తుంది. ఒక్కో గల్లు చుట్టూ రూపాయి బిళ్లంత జాగా వెలిసి వస్తుంది. కార్డు మీద అలాంటివి నాలుగైదు ఉంటే చాలు. పింక్ సాల్ట్ కూడా తెచ్చి చూశాను. అదే సైజు కళ్లుప్పుతో వచ్చేదే వచ్చింది, దానికి అంత డబ్బు పెట్టడం దండగ.

కళ్లుప్పుతో అసలు గొడవ తర్వాత మొదలవుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే శుద్ధమైన ఉప్పు కూడా గాలిలోని నీటిని పీల్చుకుని కరుగుతుంది. కళ్లుప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ అంతకంటే చాలా తక్కువ తేమకే నీరు పడుతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లడం చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. కార్డు కూడా అంతే. పైకి శుభ్రంగా దులిపినా కాగితం పీచుల్లో ఎంతో కొంత మిగిలిపోతుంది. జులై, ఆగస్టుల్లో పెట్టె తెరిస్తే కళ్లుప్పు కార్డులు వేలికి చల్లగా, కాస్త జిగటగా తగులుతాయి. ఒకదాని మీద ఒకటి పెట్టినవి అతుక్కున్నాయి, విడదీస్తే రంగు అవతలి కార్డుకి అంటింది. మెత్తటి ఉప్పుతో చేసినవి అంత అన్యాయంగా లేవు, కొంచెం వంకర తిరిగాయంతే. బటర్ పేపర్ మధ్యలో పెట్టి దాచినవి ఏ ఉప్పుతో చేసినా బాగానే ఉన్నాయి.

లోహపు అలంకారాలు ఏమీ పెట్టకండి. మెటల్ బ్రాడ్స్ (కాళ్లు విప్పి బిగించే గుండీ పిన్నులు), ఐలెట్స్ (చిల్లులకి వేసే లోహపు రింగులు), స్టేప్లర్ పిన్నులు, అన్నిటికీ తుప్పు పట్టింది. ఒక కార్డులో పిన్ను కింద కాగితానికి కాఫీ రంగు మచ్చే మిగిలింది. ముత్యాల్లాంటి ప్లాస్టిక్ పూసలు, రిబ్బను, దారం అయితే భయం లేదు.

దులపడం గురించి ఒక్క మాట. ఆరిందనిపించాక కూడా ఇంకో పూట ఆగండి. పాత ఏటీఎం కార్డు అంచుతో, ఒకే వైపుకి, నొక్కకుండా గీకాలి. నొక్కితే కాగితం పైపొర లేచి, దాని మీద ఏం రాసినా పాకుతుంది. ఆ తర్వాత పొడి బ్రష్‌తో మళ్లీ ఒకసారి. ఇదంతా పెద్ద పళ్లెంలో పెట్టుకుని చేయండి. మా అత్తయ్య ఈ విషయంలో అసలు ఊరుకోరు. “ఉప్పు తొక్కకూడదమ్మా, ముందు అది ఊడ్చు” అంటారు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, రంగు ఉప్పు టైల్స్ మీద పడి తడి తగిలితే మరక పోవడం కష్టం. మిగిలిన ఉప్పు వంటకీ పనికిరాదు, మొక్కల్లో వేస్తే మొక్క చస్తుంది, చెత్తలో వేయడమే.

ఇంకుల దగ్గర నా అభిప్రాయం ఏళ్ల మీద బాగా మారింది. మొదట్లో ఫొటో కలర్స్ తప్ప ఇంకోటి ముట్టుకునేదాన్ని కాదు. నలుపు తెలుపు ఫొటోలకి రంగులు వేయడానికి పుట్టిన ద్రవాలవి. చిక్కగా, పారదర్శకంగా ఉంటాయి, చుక్క వేస్తే సగం కార్డు నిండుతుంది. ఉప్పుకి వాటంత అందంగా లొంగే రంగు ఇంకోటి లేదు, ఇప్పటికీ అదే మాట అంటాను. కానీ అవి డై రంగులు, అంటే నీటిలో పూర్తిగా కరిగిపోయే రకం, వెలుతురికి ఆగవు. మా హాల్లో కిటికీకి ఎదురుగా ఉన్న కార్డుల్లో గులాబీ ముందు పోయింది, ఊదారంగులో ఉన్న గులాబీ కూడా పోయి అది నీలంగా మిగిలింది. పెట్టెలో ఉన్నవి మాత్రం నిన్న చేసినట్టే ఉన్నాయి. కాబట్టి చదివి దాచుకునే కార్డుకి ఫొటో కలర్స్ సరే, ఫ్రేమ్ కట్టించుకునేవాళ్లకి ఇచ్చే కార్డుకి వద్దు.

ఫౌంటెన్ పెన్ను ఇంకు చాలామందికి తట్టదు. రాజమండ్రి రత్నం పెన్ను లాంటిది ఉన్న ఇంట్లో ఇంకు సీసా ఎలాగూ ఉంటుంది, విడిగా కొననక్కర్లేదు. నల్ల ఇంకుని నీళ్లతో పల్చన చేసి పూసి ఉప్పు చల్లి చూడండి. చాలా నల్ల ఇంకుల్లో రెండు మూడు రంగులు కలిసి ఉంటాయి, ఉప్పు చుట్టూ నీరు పాకేటప్పుడు అవి విడిపోతాయి. ఒక అంచున నీలం, ఇంకో అంచున ఎరుపు తేలుతుంటే పక్కన పెట్టిన టీ చల్లారిపోతుంది. రాయల్ బ్లూ మాత్రం ఎండకి ఫొటో గులాబీ కంటే త్వరగా వెలిసిపోయింది.

రేంజర్ కంపెనీ టిమ్ హోల్ట్జ్ అనే డిజైనర్ పేరుతో స్టాంపు ప్యాడ్లుగా చేసే డిస్ట్రెస్ ఇంకులు కార్డులు చేసేవాళ్లందరికీ తెలిసినవే. ప్యాడ్‌ని ప్లాస్టిక్ షీటు మీద రుద్ది, నీళ్లు పిచికారీ చేసి, కాగితాన్ని అందులో అద్దాలి. నీరు తగిలితే కదలడమే వాటి గుణం కాబట్టి ఉప్పుకి బాగా స్పందిస్తాయి. 2017లో వచ్చిన ఆక్సైడ్ రకంలో డైతో పాటు పిగ్మెంటు (నీటిలో కరగని రంగు పొడి) కూడా ఉంటుంది, అందుకని ఆరాక కాస్త సుద్ద పూసినట్టు ఉంటుంది. ఆ సుద్దతనంలో ఉప్పు పువ్వు మసకబారుతుంది. నాకు పాత రకమే ఇష్టం. ఎలా చూసినా దిగుమతి సరుకు, ఒక్క ప్యాడ్ డబ్బుతో మన దగ్గర ఫొటో కలర్స్ పెట్టే వచ్చేస్తుంది.

ఇప్పుడు ఎక్కువగా వాడేది ట్యూబుల్లో వచ్చే వాటర్ కలర్. ఇండిగో, అల్ట్రామెరీన్, ప్రష్యన్ బ్లూ. ఇంకంత మెరుపు ఉండదు, కానీ గోడ మీద పెట్టినవి అలాగే ఉన్నాయి. లేత పసుపు, లేత నారింజల్లో ఉప్పు వేసినా వేయకపోయినా ఒకటే, ఏమీ కనపడదు. ముదురు రంగే వేయాలి, అదీ మీరు అనుకున్న దానికంటే ఒక పాలు ఎక్కువ ముదురు, ఎందుకంటే ఆరాక ఎలాగూ లేతబడుతుంది.

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) ఉండాలి, అంతకంటే పల్చనైతే తడికి ముడతలు పడి ఇంకు గుంటల్లో నిలుస్తుంది. ఖరీదైన కాటన్ పేపరే కావాలని లేదు. కాటన్ ఇంకుని గబగబా తాగేస్తుంది, పువ్వు మెత్తగా వస్తుంది. మామూలు వాటర్ కలర్ పేపర్ మీద ఇంకు పైనే కాసేపు నిలబడి, గీతలు పదునుగా వస్తాయి. కార్డు అట్టకి స్టేషనరీ షాపులో దొరికే ఐవరీ షీటు చాలు. దాని మీదే ఉప్పు వేయకుండా, విడిగా చేసిన బ్యాక్‌గ్రౌండుని కత్తిరించి డబుల్ సైడ్ టేపుతో అంటించండి. నీళ్ల జిగురు పూస్తే వెనకనుంచి తడి ఎక్కి రంగు మళ్లీ కదులుతుంది.

దాని మీద శుభాకాంక్షలు ఎలా రాయాలన్నది అందరికీ వచ్చే ఇబ్బందే. ఉప్పు తగిలిన కాగితం మీద పెన్ను గరగరలాడుతుంది, ఇంకు పాకుతుంది. ఎంబాసింగ్ పౌడర్ (తడి అక్షరాల మీద చల్లి వేడి పెడితే కరిగి ఉబ్బెత్తుగా నిలిచే పొడి) వేస్తే అక్షరాల మీదే కాకుండా చెమ్మ ఉన్న ప్రతి చుక్కకీ అంటుకుంటుంది, వేడి పెట్టాక ఇక తీయలేం. తెల్లకాగితం పట్టీ మీద రాసి పైన అంటించడం ఒక్కటే నాకు టెన్షన్ లేకుండా కుదిరిన పని.

వానాకాలంలో కార్డు చేయాల్సి వస్తే నేను ఉప్పు జోలికి పోను. తడి రంగు మీద సర్జికల్ స్పిరిట్ చుక్కలు వేస్తాను. రంగు చెదిరి గుండ్రటి మచ్చలు వస్తాయి. ఉప్పు పువ్వుకున్న సన్నటి గీతలు రావు, కానీ జిగటా తుప్పూ ఉండవు. పెళ్లి కార్డులు ఇలా చేసిపెట్టమని అడిగేవాళ్లకి చెప్పేది ఒకటే: నచ్చిన ఒక్క బ్యాక్‌గ్రౌండుని స్కాన్ చేయించి ప్రింట్ కొట్టించుకోండి. వందల కార్డుల్లో ఏ రెండూ ఒకేలా రావు, అన్నీ ఒకేలా ఉండాలనే ఇంటివాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏమీ కొనక్కర్లేదు. వంటింట్లో మెత్తటి ఉప్పు, ఇంట్లో ఉన్న పెన్ను ఇంకు, నాలుగు మందపాటి కాగితాలు, ఫ్యాన్ స్విచ్. నా ఫొటో కలర్స్ పెట్టెలో గులాబీ రంగు సీసాని మాత్రం పక్కింటి పాపకి ఇచ్చేశాను. ఆ పిల్ల ఏ కార్డునీ వారం కంటే ఎక్కువ దాచుకోదు.