మన వైపు నవలలు: ముందు జిగిరి, తర్వాత అంపశయ్య

తమ్మీ, మంచి నవల చెప్పమన్నావు కదా, నేనైతే ముందు పెద్దింటి అశోక్ కుమార్ రాసిన 'జిగిరి' చదవమంటా. ఎలుగుబంటిని ఆడించి పొట్ట పోసుకునే ఇమాం, అది పోతే భూమి దక్కుతుందని ఆశపడే ఇంటివాళ్లు, మధ్యలో ఇవేవీ తెలియని ఆ మూగజీవం. కథ ఇంతే, కానీ ఎవరినీ తప్పుపట్టలేం, ఇంటివాళ్ల ఆకలి నిజం, ఇమాం ప్రేమా నిజం, పేజీ తిప్పుతుంటే ఆ ఎలుగుకు ఏమవుతుందోనని ఒకటే టెన్షన్. మాటలన్నీ సిరిసిల్ల పల్లెల్లో వినిపించేవే. చిన్న పుస్తకం, సెలవు రోజు పట్టుకుంటే అయిపోతుంది.

అది నచ్చితే మన ఓరుగల్లు నవీన్ గారి 'అంపశయ్య'. 1969లో వచ్చింది, ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే కుర్రాడి ఒక్క రోజు, అంతా అతని తలలో తిరిగే ఆలోచనలే. మొదట్లో కొంచెం నెమ్మది, విసుక్కోకు, డబ్బుల్లేక ఒకర్ని అడగాలా వద్దా అని అతను నలిగిపోయే చోటికి వచ్చేసరికి హాస్టల్లో ఉన్న ఎవరికైనా అది తన కథే అనిపిస్తుంది. తర్వాత ఆయనదే 'కాలరేఖలు', 2004లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు దీనికే ఇచ్చారు, పెద్దది కాబట్టి తీరిక చూసుకుని పెట్టుకో.

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' కూడా తప్పకుండా చదువు, నిజాం కాలం నాటి దొరల పల్లె కళ్ల ముందుకొస్తుంది.

కొనే ముందు హన్మకొండలో 1904లో పెట్టిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయంలో ఒకసారి అడిగి చూడు.