ట్రాక్ మీద పెడల్ నిలబడాలంటే: మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 బ్రేక్ ఆయిల్

హైదరాబాద్ నుంచి చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి కారు తీసుకెళ్లేవాళ్లు చాలామంది ముందు టైర్ల మీద డబ్బు పెడతారు. నిజానికి మొదట మార్చాల్సింది బ్రేక్ ఆయిల్. 3.717 కిలోమీటర్ల ఆ ట్రాక్‌లో 12 మలుపులున్నాయి. గంటకు 140 కిలోమీటర్ల వేగంలో వస్తున్న కారు 70కి దిగిందంటే దాని గతిశక్తిలో ముప్పాతిక భాగం పోయినట్టే, అదంతా దాదాపుగా బ్రేకుల్లో వేడి అవుతుంది. ప్రతి ల్యాపులోనూ, అంటే ట్రాక్ చుట్టూ ప్రతి రౌండులోనూ, ఇదే జరిగితే ఆ వేడి డిస్కుని నొక్కే ప్యాడ్ నుంచి దాన్ని తోసే పిస్టన్‌కి, పిస్టన్ నుంచి ఆయిల్‌కి పాకుతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కట్టిందా, తొక్కిన బలమంతా వాటిని నొక్కడానికే పోతుంది. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది, కారు ఆగదు.

పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే మాత్రం అది ప్యాడ్లు కాలిన లక్షణం. దానికి ఏ ఆయిలూ మందు కాదు.

మామూలు కార్ల బ్రేక్ ఆయిల్‌కి ఉండే డాట్ 4 అనే ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ మరుగు స్థానం కనీసం 230 డిగ్రీలు, తేమ పట్టాక 155. ఆర్‌బీఎఫ్ 600ది సీసా తెరిచిన రోజున 312. ట్రాక్ మీద వరసగా నాలుగైదు ల్యాపులు గట్టిగా తిప్పినా పెడల్ ఎత్తు మారకపోవడానికి కారణం ఈ తేడాయే. అయితే తేమ పట్టాక ఇది కూడా 200 పైచిలుకుకి పడిపోతుంది. మన వానాకాలం గాలిలో మూత తెరిచిన సీసాని దాచుకుని మళ్లీ వాడటం శుద్ధ దండగ.

సీసా 500 మిల్లీలీటర్లు. మొత్తం మార్చడానికి రెండు సీసాలు పెట్టుకోండి. హైదరాబాద్ పుత్లీబౌలి విడిభాగాల దుకాణాల్లో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా సీలు చూడండి. డాట్ 5 అనే సిలికాన్ రకంతో దీన్ని కలపకూడదు. బ్రేకు గొట్టాల్లోని పాత ఆయిల్, గాలి తీసేటప్పుడు కారు మాన్యువల్ వేరే వరస చెప్పకపోతే చక్రాల వరస ఇది: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. ప్రతి చక్రం బ్రేకు దగ్గర ఆయిల్ బయటికి వదిలే నిపుల్‌కి పారదర్శక గొట్టం తగిలిస్తే ముందు నల్లటి పాత ఆయిల్, మధ్యలో సన్నటి బుడగలు, తర్వాత తేనె రంగు కొత్తది కనబడతాయి. బుడగలు పూర్తిగా ఆగాకే నిపుల్ చివరిసారి బిగించాలి. పైన బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం మరీ కిందికి పోతే మళ్లీ గాలి చొరబడి పని మొదటికొస్తుంది. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది.

ఇంత మంచి ఆయిల్ కూడా తప్పుగా తొక్కేవాళ్లని కాపాడలేదు. మలుపుకి దూరం నుంచే మెల్లగా తొక్కి పట్టుకుంటే ప్యాడ్లు ఎక్కువసేపు డిస్కుకి అంటుకుని ఉంటాయి, మధ్యలో చల్లారే తీరిక దొరకదు. కారు నేరుగా ఉన్నప్పుడే, ఒక్కసారిగా తన్నకుండా, వెంటనే బలం పెంచి గట్టిగా తొక్కాలి. స్టీరింగ్ తిప్పుతున్నకొద్దీ పాదం వదులు చేస్తూ రావాలి. చటుక్కున వదిలేస్తే ముందు చక్రాల మీది బరువు వెనక్కి పోయి, కారు తిరగకుండా బయటికి జారుతుంది.

ధర మామూలు డాట్ 4 కంటే బాగా ఎక్కువ, ఏటా మార్చక తప్పదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 పరిమితిలో ఆఫీసుకెళ్లే కారుకి ఇది అనవసరం. ట్రాక్‌కి వెళ్లేవాళ్లకి మాత్రం మారుమాట లేకుండా కొనమనే చెబుతాం. చివరి ల్యాపు నిదానంగా, బ్రేకు పెద్దగా తాకకుండా తిప్పండి. ట్రాక్ పక్కన కార్లు ఆపే పిట్‌లో హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేరులో పెట్టి, చక్రాల కింద చెక్క ముక్కలు పెట్టండి.