షీటు అమ్మే ముందు చప్పుడు వెతికిన దుకాణం

కారు తలుపుల్లో కంపెనీ స్పీకర్లు తీయించి, మంచి 6.5 అంగుళాల స్పీకర్లు బిగించుకున్న చాలామందికి ఆ తరువాత ఒక చిక్కు ఎదురవుతుంది. డప్పు, తబలా, బేస్ గిటార్ గట్టిగా పలికే చోట తలుపు లోపలి నుంచి గరగరమని ఒక చప్పుడు మొదలై, పాట మీద మనసు నిలవనీయదు. నా కారులో ఎడమవైపు ముందు తలుపుకు ఇదే బాధ పట్టుకుంది. మొదట చూపించిన చోట తలుపైనా విప్పకుండానే, నాలుగు తలుపులకూ డ్యాంపింగ్ షీట్లు (రేకు అదురు తగ్గించడానికి దానికి అంటించే షీట్లు) వేయించక తప్పదని చెప్పి పెద్ద మొత్తమే అడిగారు. ఆ మాట మీద నమ్మకం కుదరక విజయవాడ ఆటోనగర్‌లో తెలిసినవారు చెప్పిన ఒక చిన్న కార్ ఆడియో దుకాణానికి వెళ్లాను. ఇది ఇంతమందికి ఉన్న సమస్య కాబట్టి అక్కడ జరిగిన పనిని వివరంగానే రాస్తున్నాను.

"ముందు చప్పుడెక్కడుందో చూద్దామండి, షీటు సంగతి తరవాత" అన్నది మేస్త్రీ గారి మొదటి మాట. తలుపు అరల్లోని చిల్లర, నీళ్ల సీసా, డ్యాష్‌బోర్డు అరలోని తాళాలు, కళ్లద్దాలు అన్నీ బయట పెట్టించారు. బ్యాలెన్స్‌ను పూర్తిగా ఎడమకు, ఫేడర్‌ను పూర్తిగా ముందుకు తిప్పి ఒక్క స్పీకర్‌నే పలికించారు. ఆపైన పాట పెట్టలేదు. ఫోన్‌లోని టోన్ జనరేటర్ యాప్‌తో 30 హెర్ట్జ్ నుంచి 200 హెర్ట్జ్ దాకా ఒకే స్వరాన్ని మెల్లగా పెంచుకుంటూ పోయారు. పాటలో బేస్ వచ్చి పోతుంది కాబట్టి చప్పుడు చేతికి చిక్కదు. ఒకే స్వరం నిలబడితే అదురుతున్న వస్తువు అదురుతూనే ఉంటుంది. 85 హెర్ట్జ్ దగ్గర గరగర స్పష్టంగా వినిపించింది. ఆయన టోన్‌ను అక్కడే ఆపి, అరచేతితో డోర్ ప్యాడ్‌ను, అంటే తలుపు లోపలివైపు ప్లాస్టిక్ పలకను, అంగుళం అంగుళంగా నొక్కుతూ పోయారు. అద్దాల స్విచ్ ఉన్న చోటికి కొంచెం కింద చెయ్యి పడగానే చప్పుడు ఠక్కున ఆగిపోయింది, చెయ్యి తీయగానే మళ్లీ మొదలైంది. చెవిని నమ్ముకుంటే ఈ చోటు దొరికేది కాదనే నా అభిప్రాయం, ఎందుకంటే ఆ గరగర అద్దాలకు తగిలి తిరిగి వస్తూ కారంతా వ్యాపించి, నాకైతే డ్యాష్‌బోర్డులోంచి వస్తున్నట్టే తోచింది.

డోర్ ప్యాడ్ విప్పే ముందు స్పీకర్ సంగతి కూడా తేల్చుకున్నారు. జాలీ తీసి, రెండు చేతుల వేళ్లతో కోన్‌ను అన్ని వైపులా సమానంగా లోపలికి నొక్కి చూశారు. కోన్ వెనక ఉండే తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్, ఒరుసుకుంటే అప్పుడు వేళ్లకు గీరుకున్నట్టు తెలుస్తుందట, అలాంటిదేమీ లేదు. ప్యాడ్ తీశాక అసలు విషయం కనబడింది. స్విచ్‌కు వెళ్లే వైర్ల ప్లగ్గును పట్టి ఉంచాల్సిన క్లిప్పు విరిగిపోయి, ఆ ప్లగ్గు వేలాడుతూ ప్లాస్టిక్‌కు కొట్టుకుంటోంది. స్పీకర్ మార్చినప్పుడు ఎవరో హడావిడిగా లాగి ఉంటారు. ప్లగ్గుకు ఫెల్ట్ టేపు చుట్టి, కొత్త క్లిప్పుతో బిగించారు.

ఇక్కడితో ఆపేసే చోట్లే ఎక్కువ. ఈయన మళ్లీ 30 హెర్ట్జ్ నుంచి మొదలుపెట్టారు. పెద్ద చప్పుడు పోయాక దాని చాటున ఉన్న చిన్న చప్పుడు 60 హెర్ట్జ్ దగ్గర బయటపడింది. అది తాళం కడ్డీ రేకుకు తగలడం వల్ల వస్తున్నది. దానికీ ఫెల్ట్ చుట్టారు.

డ్యాంపింగ్ షీటు కూడా వాడారు, కానీ అవసరమున్నంత మేరకే. 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ (ఒక రకం రబ్బరు) షీటును స్పీకర్ వెనకవైపు బయటి రేకు మీద, ఆపైన రేకు మధ్యభాగంలో ముక్కలుగా వేసి రోలర్‌తో గట్టిగా ఒత్తారు. రేకు ఊగినప్పుడు పైనున్న అల్యూమినియం పొరకూ రేకుకూ మధ్య బ్యూటైల్ సాగి, ఆ కదలికను వేడిగా మార్చేస్తుంది కాబట్టి రేకులో పావు వంతు మూసినా మోత చాలావరకు తగ్గుతుంది. వేలాడే ప్లగ్గుకు మాత్రం ఎన్ని షీట్లు వేసినా ఉపయోగం ఉండదు. చవకగా దొరికే తారు షీట్లను ఈయన అసలు వాడరు. మన ఎండలకు అవి మెత్తబడి వాసన వస్తాయి, ఊడిపోతాయి కూడా.

నాకు అన్నింటికన్నా నచ్చింది తలుపు మూసిన తీరు. వాన నీరు అద్దం పక్క నుంచి తలుపు లోపలికి దిగడం మామూలే. అది అడుగునున్న రంధ్రాల గుండా బయటికి పోవాలి, లోపలి ప్లాస్టిక్ కవరు దానిని కారులోకి రానీయకుండా ఆపాలి. మేస్త్రీ గారు ఆ రంధ్రాలను టార్చి వేసి నాకు చూపించి, షీటు ముక్క ఏదీ వాటికి అడ్డం పడలేదని నిర్ధారించుకున్నాకే, కవరును కొత్త బ్యూటైల్ జిగురుతో చుట్టూ అంటించారు. చాలాచోట్ల ఈ కవరును చించి అలాగే వదిలేస్తారు. వానాకాలంలో కాళ్ల కింద కార్పెట్ తడిసినప్పుడు గానీ ఆ సంగతి తెలియదు. చివరికి స్టీరియోలో కింది స్వరాలను స్పీకర్లకు తగ్గించే హై పాస్ ఫిల్టర్‌ను 60 హెర్ట్జ్ దగ్గర పెట్టి, బేస్ కోసం విడిగా సబ్‌వూఫర్ లేని కారులో తలుపు స్పీకర్ల మీద అంతకన్నా కింది బేస్ భారం వేయవద్దని చెప్పారు.

కూలీ, సామాను కలిపి 2,000 రూపాయల లోపే తీసుకున్నారు. అందులో ఎక్కువ భాగం వెతికినందుకే, అది న్యాయమేనని నా ఉద్దేశం. లోపాలూ ఉన్నాయి. చేసిన పనికి రాతపూర్వకమైన హామీ ఇవ్వరు, బిల్లులో ఏ షీటు ఎంత వాడారో విడిగా రాయరు. పని జరిగేది రోడ్డు పక్క రేకుల షెడ్డులో. చుట్టూ లారీ బాడీలు కట్టే సుత్తి దెబ్బల మధ్య చప్పుడు వినడం కష్టమై, అద్దాలన్నీ ఎత్తుకుని కూర్చోవలసి వచ్చింది. వెళ్లాలనుకునేవారు ఆ మోత మొదలుకాక ముందే, పొద్దున దుకాణం తీసే వేళకు వెళ్లడం మంచిది.