హాపాయ్ దీవుల్లో తొమ్మిది రోజులు: ఓడ, గది, తిమింగలాలు, వెనకింటి ఎల్డర్లు

పసిఫిక్ మధ్యలోని దీవుల దేశం టోంగా వెళ్ళింది తిమింగలాల కోసం. మేం ఆక్లండ్‌లో ఉంటాం, అక్కడినుంచి టోంగా రాజధాని నుకుఅలోఫాకి మూడు గంటల విమానం. జూలై నుంచి అక్టోబరు దాకా హంప్‌బ్యాక్ తిమింగలాలు పిల్లల్ని కనడానికి ఆ వెచ్చటి నీళ్ళకి వస్తాయి, వాటి పక్కన నీళ్ళలోకి దిగనిచ్చే దేశాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అందరూ ఉత్తరాన వవావు దీవులకి పోతారు, మేం రద్దీ తక్కువని మధ్యలో ఉన్న హాపాయ్ ఎంచుకున్నాం. రద్దీ తక్కువ అన్నది నిజమే. మిగతావన్నీ కూడా తక్కువేనని వెళ్ళాక తెలిసింది.

ముందు ప్రయాణం సంగతి. నుకుఅలోఫా నుంచి హాపాయ్‌కి వెళ్ళే దేశంలోపలి విమానం రద్దయింది, ఎందుకో ఎవరూ చెప్పలేదు, "రేపు చూద్దాం" అన్నారు, మర్నాడు వెళితే మళ్ళీ అదే మాట. డబ్బు వాపసు రావడానికి ఆరు వారాలు పట్టింది. ఇక ఓడే గతి. 2009 ఆగస్టులో ప్రిన్సెస్ అషికా అనే ఓడ మునిగి 74 మంది చనిపోయారు, ఆ తర్వాతే జపాన్ ఇచ్చిన కొత్త ఓడ తిరుగుతోంది కాబట్టి ఆ భయం అక్కర్లేదు. భయపడాల్సింది మరుగుదొడ్డికి. రాత్రంతా ప్రయాణం, డెక్ మీద చాపలు పరుచుకున్న జనం, పెండలం దుంపల బస్తాలు, ఎవరివో రెండు పందిపిల్లలు, సంక్రాంతికి ఎర్రబస్సు ఎక్కినట్టే ఉంది. మాకు చాప తెచ్చుకోవాలని తెలియదు. మా ఆవిడ వాంతుల మాత్ర వేసుకుని రెయిలింగ్‌కి ఆనుకుని కూర్చుంటే, పక్కనున్న కుర్రాడు లేచి తన చాప ఇచ్చేశాడు.

తెల్లచొక్కా, టై, గుండె మీద నల్లటి పేరు బిళ్ళ, కింద మాత్రం ప్యాంటు కాదు, లుంగీలా చుట్టుకునే టుపెను. పక్కన అలాగే ఉన్న ఇంకో కుర్రాడు. మోర్మన్ మిషనరీలు, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘం తరఫున మతప్రచారానికి తిరిగే కుర్రాళ్ళు. 2018 నుంచి వాళ్ళ పెద్దలు మోర్మన్ అన్న మాట వాడొద్దంటున్నారు, కడవరి దిన పరిశుద్ధుల సంఘం అనాలట, కానీ టోంగాలో అందరూ "మామోంగా" అనే పిలుస్తారు. ఈ దేశ జనాభా లక్ష, అందులో సుమారు ఐదో వంతు ఆ సంఘం వాళ్ళే. చాప ఇచ్చినవాడు ఉటా నుంచి వచ్చాడు, 19 ఏళ్ళు. రెండోవాడు టోంగటాపు దీవి కుర్రాడు. మాది హైదరాబాద్ అనగానే ఉటా వాడు, ఇండియాలో వాళ్ళ మొదటి స్టేక్, అంటే కొన్ని చర్చీలు కలిసిన విభాగం, 2012 లో హైదరాబాద్‌లోనే పెట్టారని చెప్పాడు. నేను ఇరవై రెండేళ్ళు సికింద్రాబాద్‌లో ఉండి ఈ సంగతి పసిఫిక్ మధ్యలో తెలుసుకున్నా!

లిఫుకా దీవిలో పంగాయ్ అనే చిన్న ఊళ్ళో దిగాం. గెస్ట్ హౌస్‌లో రాత్రికి 95 పాంగా (అది టోంగా డబ్బు). గది శుభ్రంగానే ఉంది, దోమతెరకి రెండు చిల్లులు, చన్నీళ్ళ స్నానం, వంటగది అందరికీ కలిపి ఒకటే. తాగడానికి వాన నీళ్ళ సిమెంటు తొట్టి ఉంది, కుళాయి నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలాయి. ఆ డబ్బుకి నాకు ఫిర్యాదు లేదు. కోళ్ళమీద ఉంది, రాత్రి రెండింటికే మొదలు. వెనక దడి అవతల చిన్న సిమెంటు దిమ్మెల ఇల్లు, పొద్దున్నే చూస్తే ఓడలో కుర్రాళ్ళిద్దరూ అందులోనే ఉన్నారు.

అలా వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో అక్కర్లేకుండానే మాకు తెలిసిపోయేది. ఆరున్నరకి అలారం. తర్వాత అరుగు మీద దండీలు. తర్వాత చదువు, ఉటా వాడు టోంగన్ భాషలో గట్టిగా చదవడం, గొంతు నొక్కి పలకాల్సిన దగ్గర నొక్కక రెండోవాడు నవ్వడం. తర్వాత సైకిళ్ళు. ఇద్దరూ కలిసే వెళ్ళాలి, ఒకరు లేకుండా ఒకరు కొట్టుకి కూడా పోకూడదు. తొమ్మిదింటికల్లా ఇల్లు చేరాలి, పదిన్నరకి దీపం ఆర్పాలి. టీవీ లేదు, సినిమాల్లేవు, అమ్మాయిలతో స్నేహాలు లేవు. మగపిల్లలకి ఇది రెండేళ్ళు, ఆడపిల్లలకి పద్దెనిమిది నెలలు. ఎక్కడికి పంపాలో పైవాళ్ళే నిర్ణయిస్తారు. జీతం లేకపోగా ఎదురు ఖర్చు, అమెరికా కుర్రాళ్ళ కుటుంబాలు 2020 నుంచి నెలకి 500 డాలర్లు కడుతున్నాయి. ఒకరి పేరు ఒకరు పిలుచుకోరు, ఎల్డర్ అని ఇంటిపేరే. ఎల్డర్ అంటే పెద్దాయన కదా, వాళ్ళలో ఒకడికి ఇంకా మీసం సరిగ్గా రాలేదు.

నాకు బాగా గుర్తుండిపోయింది సోమవారం. అది వాళ్ళ సెలవు రోజు, అంటే బట్టలుతుక్కునే రోజు. ఉటా వాడు ప్లాస్టిక్ బకెట్‌లో చొక్కా ముంచి కాలర్‌కి సబ్బు రుద్దుతున్నాడు, ఆ ఎర్రమట్టి, చెమట కలిసిన మరక పోవట్లేదు, బ్రష్ అరిగిపోయింది. పక్కన తాడు మీద ఆరు తెల్లచొక్కాలు, నాలుగు టైలు, ఒక టైకి పచ్చగా బూజు. తర్వాత సైకిల్ తిరగేసి గొలుసుకి కొబ్బరినూనె పోశాడు. ఉప్పుగాలికి గొలుసు వారంలో తుప్పు పడుతుంది, ఊళ్ళో గొలుసు నూనె దొరకదు. మా అమ్మమ్మ కుట్టుమిషన్‌కి అదే పోసేది, నాలుగు రోజులకి జిగటగా పట్టేస్తుందని చెప్పాను, తెలుసండీ, వేరే దారి లేదు అన్నాడు. అంతకుముందు ఎనిమిదింటికి వాళ్ళమ్మతో వీడియో కాల్, ఇక్కడ సోమవారం పొద్దున ఎనిమిది అయితే అక్కడ ఉటాలో ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట. 2019 ఫిబ్రవరికి ముందు ఏడాదికి రెండుసార్లే ఫోన్ చేయనిచ్చేవారట, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. ఇప్పుడు వారం వారం. కాల్ మధ్యలో మూడుసార్లు తెగింది. టోంగా కుర్రాడు, ఇదేం లెక్క, 2022 జనవరి 15 న అగ్నిపర్వతం పేలినప్పుడు పగలే చీకటై బూడిద కురిసింది, సముద్రం కింద కేబుల్ తెగి ఐదు వారాలు దేశానికి సరైన ఇంటర్నెట్టే లేదు అన్నాడు. హాపాయ్ వైపు కేబుల్ బాగవడానికి ఏడాది దాటింది. కాబట్టి ఇక్కడినుంచి ఆఫీసు పని చేద్దాం అనుకునేవాళ్ళు ఆ ఆలోచన మానుకోండి.

మా ఆవిడ చాప రుణం తీర్చుకుందామని అల్లం టీ పెట్టి ఇద్దర్నీ పిలిచింది. వాళ్ళ మతంలో టీ తాగరు. కాఫీ కూడా తాగరు. "పాలెక్కువ వేశాను, టీపొడి ఒక్క చెంచానే" అని ఈవిడ, "క్షమించండి" అని వాళ్ళు, కాసేపు భలే ఇబ్బంది అయిపోయింది. మనింటికొచ్చినవాళ్ళు టీ వద్దంటే మనకి ఎక్కడో తగులుతుంది కదా. చివరికి నిమ్మకాయ నీళ్ళు కలిపితే మూడేసి గ్లాసులు తాగారు. మతం గురించి ఒక్కసారి అడిగారు, మేం నవ్వి వద్దన్నాం, మళ్ళీ ఎత్తలేదు. ఇక్కడ వాళ్ళ మొహాన తలుపేసేవాళ్ళు లేరట, ఉన్న కష్టం తిండితో. ఏ ఇంటికెళ్ళినా పెడతారు, వదిలేస్తే బాధపడతారు, మధ్యాహ్నానికే మూడు భోజనాలు అవుతాయి. బదులుగా చామతోటలో కలుపు తీస్తారు, కర్రపెండలం తవ్వుతారు.

తిండి మాటొచ్చింది కాబట్టి: లూ తినకుండా రావద్దు. చామాకుల్లో మాంసం, కొబ్బరిపాలు పోసి పొట్లం కట్టి, ఉము అనే గుంతలో వేడి రాళ్ళ మీద మగ్గబెడతారు. మా గెస్ట్ హౌస్ ఆవిడ మాకు మాంసం లేకుండా ఉల్లిపాయలతో చేసిచ్చింది. ఒక్క పచ్చిమిరపకాయ పడితే గోదావరి జిల్లా వంటే.

ఆదివారం ఏ దుకాణమూ ఉండదు, ట్యాక్సీ ఉండదు, విమానం ఎగరదు. 1875 నాటి రాజ్యాంగంలోనే ఆ నియమం ఉంది. శనివారమే సరుకులు తెచ్చుకోండి. పొద్దున ఎల్డర్లు పిలిస్తే వాళ్ళ చర్చికి వెళ్ళాం, తెల్లటి భవనం, పక్కనే బాస్కెట్‌బాల్ కోర్టు, టోంగా అంతటా అదే అచ్చు. ఉన్నమాట చెప్పాలంటే పాట వినాలనుకుంటే మాత్రం వెస్లియన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) చర్చికే వెళ్ళండి. వాద్యం లేకుండా ఊరంతా నాలుగు స్వరాల్లో పాడితే కప్పు లేచిపోతుందేమో అనిపించింది. ఈ మాట ఎల్డర్లకే చెప్పాను, టోంగా వాడు మా మామయ్య అందులోనే పాడతాడు అన్నాడు.

తిమింగలాల పడవ ఖరీదు ఎక్కువే, కానీ పెట్టిన ప్రతి పైసాకీ తగ్గట్టు చూసుకున్నారు. ఒకసారికి నలుగురూ ఒక గైడూ మాత్రమే నీళ్ళలోకి దిగాలి, ఆ నియమం ఖచ్చితంగా పాటించారు. రెండోరోజు తల్లీ పిల్లా కనిపించాయి. తల్లి కింద కదలకుండా నిద్రపోతోంది, పిల్ల ఊపిరి కోసం నాలుగైదు నిమిషాలకోసారి పైకొచ్చి మా పక్కనుంచి తిరిగి కిందికి పోయేది, ఒకసారి పక్కకి ఒరిగి కన్ను తెరిచి చూసింది. ఆ కన్ను సంగతి నేను ఇంతకంటే రాయలేను.

సాయంత్రం ఎల్డర్లకి చెబుతుంటే ఉటా వాడు ప్రశ్న మీద ప్రశ్న. కన్ను ఎంతుంది, చర్మం గరుకా నునుపా, చప్పుడు వినిపించిందా. మీరూ ఒకసారి వెళ్ళొచ్చుగా అన్నాను, డబ్బు గురించేమో అనుకుని. డబ్బు కాదు, మిషన్‌లో ఉన్నన్నాళ్ళూ ఈత నిషేధం. ఇంటి ముందు నలభై అడుగుల్లో సముద్రం, పద్నాలుగు నెలలుగా మోకాలు దాటి దిగలేదు! ఉటాలో ఎడారి ఊళ్ళో పెరిగాడు, సముద్రం చూడ్డమే ఇక్కడికొచ్చాక. నాకైతే అన్యాయం అనిపించింది, ఆ మాటే అన్నాను. వాడు మాత్రం 1950ల్లో ఉత్తరాన నియువాటోపుటపు దీవిలో ఉన్న జాన్ గ్రోబర్గ్ అనే మిషనరీ గురించి చెప్పాడు. నిద్రలో ఆయన అరికాళ్ళు ఎలుకలు కొరికేశాయట. నాకు కొబ్బరినూనె ఉంది, దోమతెర ఉంది అన్నాడు. వాడి దోమతెరకి చిల్లుల్లేవు, చూశాను.

తిరుగు ప్రయాణంలో విమానం సమయానికే వచ్చింది. ఇక్కడి రన్‌వేని ఊరి రోడ్డు అడ్డంగా దాటుతుంది, విమానం వస్తే రైల్వే గేటులా మూసేస్తారు, అది చూడ్డానికైనా సైకిల్ మీద ఒకసారి పక్క దీవి ఫోవా దాకా వెళ్ళిరండి. నగదు మాత్రం నుకుఅలోఫాలోనే సరిపడా తీసుకెళ్ళండి.

నుకుఅలోఫాలో ఒక కొట్లో సైకిల్ గొలుసు నూనె దొరికింది. రేవుకి తీసుకెళ్ళి, చాప చుట్టుకుని ఓడ కోసం కూర్చున్న ఒక పెద్దావిడ చేతికిచ్చి "పంగాయ్, ఎల్డర్లు" అన్నాను. ఆవిడ సీసా మూత తీసి వాసన చూసి, సంచీలో పెండలం దుంపల మధ్య పెట్టుకుంది.